ప్రెషర్ పంపు ట్యాంకులో గాలి ఎలా చూడాలి, ఎలా నింపాలి

షవర్ తిప్పగానే మిద్దెమీద మోటారు ఆన్ అవుతుంది. రెండు క్షణాల్లో ఆగుతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. నీళ్లు ఒకసారి జోరుగా, ఒకసారి సన్నగా పడుతుంటాయి. ఒత్తిడి చూపే గేజ్ ముల్లు కుదురుగా నిలవదు. మీ ఇంట్లో ప్రెషర్ పంపు ఇలా చేస్తుంటే, మోటారు పోయిందని ఎవరు చెప్పినా వెంటనే డబ్బు తీయకండి. కొత్త ప్రెషర్ స్విచ్ కొనే తొందర కూడా వద్దు. మోటారుకు ఆనుకుని గుండ్రంగా ఉండే ఇనుప ట్యాంకులో గాలి ఎంత ఉందో ముందు చూడండి. చాలా ఇళ్లలో జబ్బు అక్కడే ఉంటుంది. దానికి మందు సైకిల్ పంపు.

అనంతపురంలో సాయినగర్, కమలానగర్ వైపు వెళ్లినా, కొత్త కాలనీల్లోకి వెళ్లినా మిద్దెల మీద ఈ పంపులు కనిపిస్తాయి. కారణం తెలిసిందే. నీళ్లు వచ్చినప్పుడు సంపులో పట్టుకుంటాం, అక్కడి నుంచి మిద్దెమీది ట్యాంకుకు ఎక్కిస్తాం. ట్యాంకులో నీటిమట్టం షవర్ కంటే ఎంత ఎత్తులో ఉంటే అంత ఒత్తిడి వస్తుంది. మీటరుకు 0.1 బార్. బార్ అంటే ఒత్తిడి కొలిచే ప్రమాణం. పై అంతస్తు స్నానాల గదికీ ట్యాంకుకూ మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లకు మించదు కాబట్టి అక్కడ దక్కేది 0.2, 0.3 బార్ మాత్రమే. పెద్ద షవర్‌కు అది చాలదు. అందుకని పంపు పెట్టించుకుంటారు.

పంపు బిగించే మనిషి గోడకు క్లాంపులు కొట్టి, లీకులు చూసి, డబ్బు తీసుకుని వెళ్తాడు. పంపుకుండే ఇనుప ట్యాంకులో గాలి ఉంటుందని, దాన్ని అప్పుడప్పుడూ చూసుకోవాలని ఎక్కువమందికి ఎవరూ చెప్పరు. ఏడాది తిరిగేసరికి మోటారు గిలగిలా కొట్టుకోవడం మొదలవుతుంది. స్విచ్ మారుస్తారు, కెపాసిటర్ మారుస్తారు, చివరికి పంపే మారుస్తారు. కొత్త పంపుతో కొత్త ట్యాంకు వస్తుంది, అందులో గాలి ఉంటుంది కాబట్టి అంతా బాగైపోయినట్టు కనిపిస్తుంది. ఈ ఖర్చులో చాలా భాగం అక్కర్లేనిదని గట్టిగా చెప్పగలను.

లోపల ఏముంది

ట్యాంకు లోపల మందపాటి రబ్బరు సంచి ఉంటుంది. దాన్ని బ్లాడర్ అంటారు. సంచిలో నీళ్లు, సంచికీ ఇనుప గోడకూ మధ్య గాలి. పంపు నీళ్లను తోస్తుంటే సంచి ఉబ్బుతుంది, గాలి నలుగుతుంది. పంపు ఆగాక మీరు కుళాయి తిప్పితే, నలిగిన గాలి సంచిని నొక్కి నీళ్లను బయటికి పంపుతుంది. అంటే కొన్ని లీటర్ల వరకు మోటారుతో పని లేదు. ఒత్తిడి ఒక మట్టానికి పడిపోయినప్పుడు ప్రెషర్ స్విచ్ మోటారును లేపుతుంది, దాన్ని కట్-ఇన్ అంటారు. పై మట్టానికి చేరినప్పుడు ఆపుతుంది, అది కట్-అవుట్. ఇళ్లలో పెట్టే స్విచ్‌లు చాలావరకు 1.4 బార్ దగ్గర లేచి 2.8 బార్ దగ్గర ఆగేలా వస్తాయి. పీఎస్ఐ అనే ఇంకో ప్రమాణంలో చెబితే 20, 40.

ఇప్పుడు లెక్క చూడండి. 24 లీటర్ల ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు అందులో గాలి 1.2 బార్ ఉంటే, మోటారు ఆగినప్పటి నుంచి మళ్లీ లేచేలోపు మీకు సుమారు 8 లీటర్లు వస్తాయి. గాలి 0.4 బార్‌కు పడిపోతే అదే ట్యాంకు ఇచ్చేది 5 లీటర్లు. గాలి దాదాపు మొత్తం పోయిందనుకోండి, నలగడానికి లోపల ఏమీ మిగలదు. నీళ్లు నలగవు. చెంబెడు నీళ్లు తీయగానే ఒత్తిడి కుప్పకూలుతుంది, మోటారు లేస్తుంది, లేచిన క్షణంలోనే ఒత్తిడి పైకి కొట్టి ఆగుతుంది. మీరు వింటున్న టకటక అదే. మోటారు లేచే ప్రతిసారీ మామూలుగా నడిచేటప్పటికంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. స్విచ్ కాంటాక్టులు మాడేది, వైండింగ్ వేడెక్కేది అందుకే.

గాలి ఎక్కువైనా ఇబ్బందే, ఇది చాలామంది ఊహించరు. కట్-ఇన్ 1.4 ఉండగా గాలి 2 బార్ పెట్టారనుకోండి. ఒత్తిడి 2కు దిగేసరికే సంచి పూర్తిగా ఖాళీ అవుతుంది. అక్కడి నుంచి ఒత్తిడి ఒక్కసారిగా సున్నా వైపు జారుతుంది, అప్పుడు గాని మోటారు లేవదు. షవర్ కింద నిలబడ్డవారికి నీళ్లు ఒక్క క్షణం ఆగి, తర్వాత ఎగదన్నినట్టు వస్తాయి. కాబట్టి సూత్రం ఒక్కటే: ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు గాలి, కట్-ఇన్ కంటే 0.2 బార్ తక్కువ ఉండాలి. పీఎస్ఐలో రెండు మూడు తక్కువ. 20 దగ్గర లేచే మోటారుకు 18. 30 దగ్గర లేచేదానికి 27 లేదా 28.

ట్యాంకు లేని పంపులకు ఇది వర్తించదు. నీటి ప్రవాహాన్ని బట్టి లేచే చిన్న బూస్టర్ పంపులు ఉన్నాయి, వాటికి గాలి ట్యాంకే ఉండదు. వేగం మార్చుకుంటూ నడిచే ఇన్వర్టర్ పంపులకు చిన్న ట్యాంకు ఉంటుంది గాని లెక్క వేరు, మీరు పెట్టుకున్న ఒత్తిడిలో సుమారు 70 శాతం గాలి పెడతారు. వాటికి పంపుతో వచ్చిన పుస్తకంలో ఉన్న అంకెనే పాటించండి.

కావలసినవి

టైర్లలో గాలి చూసే గేజ్ ఒకటి. ఆటోమొబైల్ దుకాణాల్లో దొరుకుతుంది. సైకిల్‌కు గాలి కొట్టే పంపు, లేదా కారులో పెట్టుకునే చిన్న ఎయిర్ కంప్రెసర్. ట్యాంకుకు ఉండే గాలి వాల్వు, బైకు ట్యూబు వాల్వు ఒకే రకం కాబట్టి ఆ మూతి దీనికీ పడుతుంది. సన్న మూతి ఉన్న సైకిల్ పంపైతే అడాప్టర్ అడిగి తెచ్చుకోండి. ఇంకా బకెట్, సబ్బు నీళ్లు, మార్కర్ పెన్ను. అంతే.

పంచరు షాపులో ఉండే పెద్ద కంప్రెసర్ దగ్గరికి ట్యాంకు మోసుకెళ్లాలని కొందరు అనుకుంటారు. వద్దు. అది ఒక్క ఊపులో కొడుతుంది, చిన్న ట్యాంకులో ఎంత పడిందో తెలిసేలోపే అంకె దాటిపోతుంది. సైకిల్ పంపుతో చెమట పడుతుంది గాని మట్టం మీ చేతిలో ఉంటుంది.

మొదటి పని: మోటారు ఎక్కడ లేస్తోందో చూడండి

ఇంకా ఏమీ కట్టేయకముందే, ఒక కుళాయి సన్నగా తిప్పి పంపు గేజ్ దగ్గర నిలబడండి. ముల్లు నెమ్మదిగా దిగుతుంది. మోటారు లేచిన క్షణంలో అంకె చూసి రాసుకోండి. కుళాయి కట్టేసి, ఆగినప్పటి అంకె కూడా రాసుకోండి. రెండు సార్లు చేసి చూస్తే అనుమానం ఉండదు. ముల్లు మరీ కొట్టుకుంటూ అంకె చిక్కకపోతే, స్విచ్ డబ్బా మూత మీదో పంపు పుస్తకంలోనో రాసి ఉన్న అంకె తీసుకోండి. గాలి సరిచేశాక మళ్లీ చూసి సరిపోల్చవచ్చు.

రెండో పని: కరెంటు, నీళ్లు రెండూ ఆపండి

గోడమీది స్విచ్ ఆపితే చాలదు, కరెంటు బోర్డులోని బ్రేకర్, అంటే ఎంసీబీ దించండి. ప్రెషర్ స్విచ్ తనంతట తానే మోటారును లేపే వస్తువు. మీరు నీళ్లు వదిలేకొద్దీ అది లేపాలనే చూస్తుంది. నీళ్లు లేకుండా మోటారు తిరిగితే సీలు మాడిపోతుంది.

తర్వాత, మిద్దెమీది ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టం మీది వాల్వు కట్టేయండి. ఇది మరిచిపోతే నీళ్లు పంపు గుండా వస్తూనే ఉంటాయి, ట్యాంకు ఎప్పటికీ ఖాళీ కాదు.

మూడో పని: ట్యాంకును నిజంగా ఖాళీ చేయండి

ఇక్కడ కాస్త నిదానించండి. ఈ పనిలో తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

నీళ్లు ఉండగా గాలి వాల్వుకు గేజ్ పెడితే అది చూపేది గొట్టంలోని నీటి ఒత్తిడినే. సంచికి అటు నీళ్లు, ఇటు గాలి, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ సమానంగా ఉంటాయి. లోపల గాలి పిసరంతే మిగిలినా గేజ్ 2 బార్ చూపించవచ్చు. "గాలి బాగానే ఉందండీ, గేజ్ పెట్టి చూశాను" అని చెప్పి వెళ్లిపోయేవాళ్లు ఈ తప్పే చేస్తారు. నీటి వైపు ఒత్తిడి సున్నా అయితేనే గాలి అసలు అంకె తెలుస్తుంది.

అందుకని కుళాయి తెరిచి, నీళ్లు పూర్తిగా ఆగేదాకా వదలండి. ఏ కుళాయి అన్నదీ ముఖ్యమే. ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో అంతకంటే కిందనున్న కుళాయి తెరవాలి. పంపు మిద్దెమీద ఉంటే ఇంట్లో ఏ కుళాయి అయినా సరే. కానీ కొన్ని ఇళ్లలో పంపు కిందనే సంపు పక్కన ఉంటుంది. అప్పుడు మేడమీద కుళాయి తెరిస్తే లాభం లేదు. నిలువు గొట్టంలోని నీళ్లు ట్యాంకు మీద బరువు మోపుతూనే ఉంటాయి. మూడు మీటర్ల గొట్టం 0.3 బార్ తేడా తెస్తుంది, మనం సరిచేయాలనుకునే అంకే 0.2. కింది పెరట్లోని కుళాయి తెరవండి.

నీళ్లు ఆగాక పంపు గేజ్ సున్నా చూపాలి. సున్నాకు రాకుండా ముల్లు 0.5 దగ్గరే నిలబడితే ఆ గేజ్ పాడైనట్టు. అలాంటి గేజ్‌తో తీసిన కట్-ఇన్ అంకె కూడా తప్పే. కొత్త గేజ్ బిగించి మొదటి పని మళ్లీ చేయండి.

ట్యాంకును చేత్తో కొంచెం ఎత్తి చూడండి. ఖాళీ ట్యాంకు తేలిగ్గా కదులుతుంది. కుళాయి తెరిచినా బరువుగానే ఉంటే లోపల నీళ్లు చిక్కుకున్నాయి. గాలి లేక సంచి వాటిని నెట్టలేకపోతోంది, లేదా సంచి చిరిగింది.

కుళాయి కట్టేయకండి. గాలి కొట్టేటంతసేపూ అది తెరిచే ఉండాలి.

నాలుగో పని: వాల్వు నొక్కి చూడండి, తర్వాత కొలవండి

ట్యాంకు వెనక నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. అది విప్పితే ట్యూబు వాల్వు కనిపిస్తుంది. గోరుతోనో సన్నని పుల్లతోనో మధ్యనున్న పిన్ను ఒక్క క్షణం నొక్కండి. బుస్సుమని పొడి గాలి వస్తే సంచి బాగుంది. నీళ్లు చిమ్మితే సంచి చిరిగి నీళ్లు గాలి వైపు చేరాయి. ఆ పక్షంలో గాలి కొట్టడం వృథా. కింద ఆ సంగతి వేరుగా రాశాను, అటు వెళ్లండి. ఏమీ రాకపోతే గాలి మొత్తం పోయింది. అది మంచి వార్తే, నింపితే సరిపోతుంది.

ఇప్పుడు గేజ్ పెట్టి అంకె చూడండి. తక్కువుంటే పంపుతో కొట్టండి, ఎక్కువుంటే పిన్ను నొక్కి కొంచెం కొంచెం వదలండి. గాలి కొడుతుంటే తెరిచిన కుళాయి నుంచి మళ్లీ కొన్ని నీళ్లు రావచ్చు. సంచిలో మిగిలిన నీళ్లను గాలి బయటికి నెడుతోందన్నమాట. అవి ఆగిన తర్వాతే చివరి అంకె చూడాలి, ముందు చూసింది లెక్కలోకి రాదు. ట్యాంకు లేబుల్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడిని ఎట్టి పరిస్థితిలోనూ దాటకండి.

పెట్రోలు బంకుల్లో టైర్లకు కొట్టే నైట్రోజన్ నింపాలా అని కొందరు అడుగుతారు. అందుబాటులో ఉంటే మంచిదే, రబ్బరు గుండా అది కొంచెం నెమ్మదిగా పోతుంది. దాని కోసం పంపు విప్పి ట్యాంకు మోసుకెళ్లాల్సినంత తేడా లేదు.

అంకె సరిగ్గా వచ్చాక వాల్వు మూతి మీద సబ్బు నీళ్లు వేయండి. బుడగలు వస్తే లోపలి పిన్ను వదులైంది. పంచరు షాపులో దొరికే చిన్న వాల్వు మూతతో బిగించవచ్చు, లేదా కొత్త పిన్ను వేయించవచ్చు. చాలా చవక వస్తువు. బుడగలు లేకుంటే ప్లాస్టిక్ మూత పెట్టేయండి. దుమ్ము చొరకుండా కాపాడేది అదే, పారేయకండి.

ఐదో పని: మళ్లీ నడిపించడం

కుళాయి కట్టేసి, మిద్దెమీది ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టం వాల్వు తెరవండి. పంపు మీద గాలి వదిలే బిరడా ఉంటే వదులు చేసి, నీళ్లు బుడగల్లేకుండా వచ్చేదాకా ఆగి బిగించండి. ఎంసీబీ పైకి ఎత్తండి. మోటారు లేచి ఒత్తిడి కట్-అవుట్ దాకా ఎక్కించి ఆగుతుంది. కాసేపు గేజ్ చూడండి, ముల్లు అక్కడే నిలవాలి.

ఇప్పుడొక పరీక్ష. దీన్ని ఎవరూ చేయరు గాని ఎంతో పనికొస్తుంది. మోటారు ఆగిన వెంటనే ఎంసీబీ దించి, పంపుకు దగ్గరి కుళాయి కింద బకెట్ పెట్టి నీళ్లు పట్టండి. గేజ్ ముల్లు కట్-ఇన్ అంకెకు దిగగానే కట్టేయండి. బకెట్లో ఎన్ని లీటర్లు వచ్చాయో కొలవండి. 24 లీటర్ల ట్యాంకు, 1.4 - 2.8 స్విచ్ అయితే 7, 8 లీటర్లు రావాలి. ఆ అంకెను, తేదీని, గాలి ఎంత పెట్టారో ట్యాంకు మీదే మార్కర్‌తో రాయండి. తర్వాత ఎప్పుడైనా గాలి సంగతి తెలుసుకోవాలంటే ట్యాంకు ఖాళీ చేయనక్కర్లేదు, ఈ బకెట్ పరీక్ష చాలు. నీళ్లు 5 లీటర్లకు తగ్గాయంటే సైకిల్ పంపు అందుకోవలసిన రోజు వచ్చిందని అర్థం.

మన ఎండల లెక్క

పంపుతో వచ్చే పుస్తకాల్లో ఈ సంగతి సాధారణంగా కనిపించదు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీడ లేని మిద్దెమీద ఇనుప ట్యాంకు అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. మూసిన డబ్బాలో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర 1.2 బార్ పెట్టిన గాలి, 55 డిగ్రీలకు చేరితే లెక్క ప్రకారం 1.4 బార్ దాటుతుంది. అంటే మీరు జాగ్రత్తగా ఉంచిన 0.2 తేడాను మధ్యాహ్నపు ఎండ మొత్తం మింగేస్తుంది. ఉదయం బాగా వచ్చిన షవర్ మధ్యాహ్నం ఎక్కిళ్లు పెడుతోందంటే ఇదే కారణం కావచ్చు.

దీనికి రెండు జాగ్రత్తలు. గాలి చూసే పని ఎప్పుడూ ఉదయం, ట్యాంకు చల్లగా ఉన్నప్పుడే చేయండి. మధ్యాహ్నం కొలిచి సరిచేస్తే చలికాలపు ఉదయానికి అది తక్కువ పడుతుంది. రెండోది, ట్యాంకుకు నీడ కట్టండి. రేకు ముక్క, నాపరాయి పలక, ఏదైనా సరే, గాలి ఆడేలా పైన ఉంటే చాలు. రబ్బరు సంచికీ అదే మేలు. వేడికి రబ్బరు త్వరగా బిరుసెక్కుతుంది.

ఎన్నాళ్లకొకసారి చూడాలి? కొత్త ట్యాంకైతే పెట్టిన నెల తర్వాత ఒకసారి చూడండి. ఆ తర్వాత ఏడాదికి రెండు సార్లు చాలు. ఉగాదికి ముందు ఒకసారి, అంటే ఎండలు ముదరకముందే. రెండోది దసరాకు. ఆయుధ పూజకు ఎలాగూ పనిముట్లు, బండ్లు కడిగి బొట్టు పెడతాం, ఆ రోజు ఉదయమే పంపుకూ ఈ సేవ చేయవచ్చు.

గాలి సరిగ్గా ఉన్నా మోటారు లేస్తుంటే

ఎవరూ కుళాయి తిప్పకుండానే అర్ధరాత్రి మోటారు లేచి ఆగుతోందంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. ఎక్కడికో తేల్చడం తేలికే. ట్యాంకు దాటాక ఇంట్లోకి వెళ్లే గొట్టం మీది వాల్వు కట్టేసి, గేజ్ చూడండి. ముల్లు నిలబడితే లీకు ఇంట్లో ఉంది. ఫ్లష్ ట్యాంకు ముందుగా చూడండి, కమోడ్‌లోకి సన్నని ధార చప్పుడు లేకుండా జారుతుంటుంది. వాల్వు కట్టేసినా ముల్లు దిగుతుంటే నీళ్లు వెనక్కి, నీటిని ఒక వైపే పోనివ్వాల్సిన నాన్ రిటర్న్ వాల్వు గుండా మిద్దెమీది ట్యాంకులోకి పోతున్నాయి. దాన్ని విప్పి చూస్తే ఇసుక రేణువో తెల్లటి సున్నపు పెచ్చో అడ్డుపడి ఉంటుంది.

ఆ సున్నం మనకు పాత శత్రువు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ప్రెషర్ స్విచ్‌కు నీళ్లు చేరే సన్నటి గొట్టం కూడా దానితో పూడుకుపోతుంది. అప్పుడు స్విచ్‌కు అసలు ఒత్తిడి తెలియదు, ఆలస్యంగా లేపుతుంది, ఆలస్యంగా ఆపుతుంది. ఎంసీబీ దించి, నీటి ఒత్తిడి తీసేశాక, స్విచ్‌ను గొట్టం నుంచి విప్పి ఆ రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేయండి. ఇత్తడి గొట్టం ముక్కను నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెడితే సున్నం కరుగుతుంది. స్విచ్ డబ్బాలోని స్ప్రింగులను మాత్రం తిప్పకండి. పెద్ద స్ప్రింగు బిగిస్తే చాలా స్విచ్‌లలో రెండు మట్టాలూ కలిసి పెరుగుతాయి, పంపు శక్తికి మించిన కట్-అవుట్ పెడితే మోటారు ఆగనే ఆగదు. ఎప్పుడైనా కట్-ఇన్ మార్పించారంటే గాలి అంకె కూడా మారాలని గుర్తుంచుకోండి.

సంచి చిరిగితే

వాల్వు నుంచి నీళ్లు వచ్చాయి కాబట్టి ఇది ఖాయమైంది. ట్యాంకు ముందు భాగంలో బోల్టులతో బిగించిన పళ్లెం ఉంటే సంచి మార్చవచ్చు, ట్యాంకు మార్చనక్కర్లేదు. దుకాణంలో ట్యాంకు లీటర్లు, పళ్లెం కొలత చెప్పి, తాగునీటికి పనికొచ్చే రబ్బరు సంచి అడగండి. పాతది చేతిలో పట్టుకెళ్తే ఇంకా మేలు.

బోల్టులు విప్పే ముందు నీటి ఒత్తిడి, గాలి ఒత్తిడి రెండూ సున్నా అయ్యాయో లేదో చూసుకోండి. వాల్వు పిన్ను తీసేసి, బుస్సుమనడం పూర్తిగా ఆగేదాకా వేచి ఉండండి. గాలి ఉండగా పళ్లెం విప్పితే అది ముఖానికి తగలవచ్చు. ఇందులో తొందర అస్సలు పనికిరాదు. పాత సంచి లాగేసి, ట్యాంకు లోపల చేయి పెట్టి తుప్పు పెళ్లలు ఉన్నాయేమో తడమండి. పదునుగా తగిలితే గీకి తుడవండి, లేకపోతే కొత్త సంచి కూడా అక్కడే కోసుకుంటుంది. లోపల మొత్తం తుప్పు పట్టి ఉంటే ట్యాంకు మార్చడమే క్షేమం. కొత్త సంచి మడిచి లోపలికి పంపి, దాని అంచు పళ్లెం కింద సమంగా కూర్చునేలా చూసి, బోల్టులను ఎదురెదురుగా ఒకటి తర్వాత ఒకటి బిగించండి. ముందు గాలి, తర్వాతే నీళ్లు.

సోలార్ హీటర్ ఉన్నవారికి

మన ఊళ్లలో మిద్దెలమీద ఉండే గాజు గొట్టాల సోలార్ హీటర్లు చాలావరకు ఒత్తిడి తట్టుకునేవి కావు. వాటి ట్యాంకుకు పైకి తెరిచిన గాలి గొట్టం ఉంటుంది. ప్రెషర్ పంపు నీళ్లను అలాంటి హీటర్‌లోకి ఎక్కించకూడదు, ట్యాంకు ఉబ్బి పగలవచ్చు. చన్నీళ్ల గొట్టానికి మాత్రమే పంపు పెట్టిన ఇళ్లలో ఇంకో చిక్కు వస్తుంది. మిక్సర్ కుళాయి దగ్గర చన్నీళ్ల ఒత్తిడి వేడినీళ్ల గొట్టాన్ని వెనక్కి నెట్టి, హీటర్ గాలి గొట్టం నుంచి నీళ్లు పొర్లిస్తుంది. మోటారు ఊరికే లేస్తోందని ట్యాంకును అనుమానిస్తారు, కారణం మాత్రం మిక్సర్. వేడినీళ్ల గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. కరెంటు గీజర్ అయితే దాని మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి చూసుకోండి, సేఫ్టీ వాల్వును ఎప్పుడూ బిరడా కొట్టి మూయకండి.

పిల్లలు చలి దేశాల్లో ఉంటే

బ్రిటన్ వంటి చోట్ల ఇల్లు వెచ్చబరిచే బాయిలర్లో కూడా ఇలాంటి ట్యాంకే ఉంటుంది. అక్కడ దాని పని వేరు. మూసిన గొట్టాల్లో నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తాయి, ఆ పెరిగిన భాగానికి చోటివ్వడం దాని పని. చల్లగా ఉన్నప్పుడు బాయిలర్ గేజ్ 1 నుంచి 1.5 బార్ చూపాలి. ట్యాంకులో గాలి సాధారణంగా 0.75 నుంచి 1 బార్. గాలి పోతే, వేడి చేసినప్పుడు గేజ్ 3 బార్ వైపు పరుగెడుతుంది, సేఫ్టీ వాల్వు తెరుచుకుని బయటి గోడ గొట్టం నుంచి నీళ్లు కారతాయి, చల్లబడ్డాక గేజ్ సున్నాకు పడుతుంది. అప్పుడు రోజూ కొత్త నీళ్లు నింపుతూ పోవడం పరిష్కారం కాదు. కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ వెళ్లి రేడియేటర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది.

కొలిచే పద్ధతి పైన చెప్పినదే. బాయిలర్ ఆపి చల్లారనివ్వాలి, దాని వాల్వులు కట్టి నీటి ఒత్తిడి సున్నా చేయాలి, నీళ్లు వదిలే కుళాయి తెరిచే ఉంచి గాలి కొట్టాలి, తర్వాత నీళ్లు నింపి గేజ్‌ను 1.2 దగ్గర నిలపాలి. గ్యాస్ బాయిలర్ డబ్బా మూత విప్పాల్సి వస్తే మాత్రం సొంతంగా చేయవద్దని చెప్పండి. బ్రిటన్‌లో ఆ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన మనిషితోనే చేయించాలి. అతను వచ్చినప్పుడు ట్యాంకులో గాలి కొలిచాడా, నీళ్లు ఖాళీ చేశాకే కొలిచాడా అని అడగమనండి.